పిళ్ళప్ప చిన్నాయన పంటకు తగిలిన దిష్టి

2004 ఆగస్టు 17, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. చింతామణిలో ఒక డాక్టరు గది. సాదలి నుంచి వచ్చిన మా చిన్నాయన పిళ్ళప్ప బల్ల మీద పడుకొని ఉన్నాడు. డాక్టరు ఆయన కుడి పక్కటెముకల కింద నొక్కి చూస్తున్నారు. పిన్నమ్మ నంజమ్మ పక్కనే నిలబడి ఉంది.

ఆ నొప్పి రెండేళ్ళుగా వచ్చిపోతూ ఉండేది. కుడి భుజం వెనుకకు పాకి, కొన్ని గంటలు బాధించి, దానంతట అదే తగ్గేది. చిన్నాయనది పట్టుపురుగుల పెంపకం. కాళ్ళు కడుక్కోనివారిని పురుగుల ఇంట్లోకి రానిచ్చేవాడు కాడు. సువాసన నూనె రాసుకొచ్చిన చుట్టాలతో గుమ్మం బయటే మాట్లాడేవాడు. అంత జాగ్రత్తతోనే తన నొప్పినీ గమనించాడు. పట్టుగూళ్ళు బాగా వచ్చి అమ్ముడైన ప్రతిసారీ ఆ సాయంత్రమే నొప్పి వచ్చింది. పురుగులకు జబ్బు తగిలి పంట పోయినప్పుడు ఒక్కసారీ రాలేదు. కనుక అది పంట మీద పడిన దిష్టి అని తేల్చుకున్నాడు. మిరపకాయల ఘాటు పురుగులకు పడదని పిన్నమ్మ నిమ్మకాయలతోనే దిష్టి తీసింది. ఫలితం లేకపోయింది. చివరకు, పురుగుల మేతకని తన చేత్తో నాటిన మల్బరీ తోటను దున్నించేయడానికి వచ్చే శుక్రవారం ట్రాక్టరు తెమ్మని, ఊళ్ళో బాడుగకు దున్నే ఆదెప్పకు చెప్పాడు. చెప్పి వచ్చి, తోట వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అది చూసి పిన్నమ్మే పట్టుబట్టి ఆయనను డాక్టరు దగ్గరకు తీసుకొచ్చింది.

"ఇక్కడ నొప్పికి కారణాలు చానా ఉంటాయప్పా. మోపులు మోసి కండరం పట్టుండొచ్చు, కడుపులో పుండుండొచ్చు, కాలేయం వాచుండొచ్చు," అన్నారు డాక్టరు. "ఎప్పుడొస్తాది?"

"పంట బాగొస్తేనే వస్తాది సార్. కండ్లు పడతాండాయి."

"పంట బాగొచ్చిన దినం ఏం తింటావు?"

పిన్నమ్మ అందుకుంది. "ఏం మిగిలిస్తాడని అడగండి సార్! మాంసం వేపుడు, దాంట్లో కొవ్వంతా ఈయప్పకే. మాకు ఎముకలు."

"పంట పోతే?"

"సంగటి, ఉలవచారు. ఎవురికి తినబుద్ధయితాది?"

డాక్టరు నవ్వారు. "అయితే దిష్టి పెట్టినోడు మీ మాంసం అంగడాయప్పే!"

స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళు కనిపించాయి. కొవ్వు తిన్నప్పుడు పిత్తాశయం ముడుచుకుంటుంది. ఆ సమయంలో రాయి దారికి అడ్డుపడితే ఈ నొప్పి వస్తుంది. ఆపరేషన్ చేయాలన్నారు. చిన్నాయన దానికి భయపడలేదు.

"అయితే తోటది తప్పేమీ లేదా సార్?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత పిన్నమ్మ వైపు తిరిగాడు. "ఆదెప్ప శుక్రవారం ట్రాక్టరు తెస్తాడే?"

"తేనీ. టీ తాపించి పంపిద్దాం."

ఆపరేషన్ సెప్టెంబరులో జరిగింది. డిసెంబరులో పంట చేతికొచ్చింది. గూళ్ళు అమ్మి వచ్చిన సాయంత్రం చిన్నాయన సంగటి, ఆకుకూర తిని, నొప్పి కోసం ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. అది రాలేదు. లేచి, లాంతరు పట్టుకొని తోటలోకి వెళ్ళాడు.

ఆ పంటలో గూళ్ళ తూకం: 73 కిలోలు.