బౌన్స్ అయిన బంతిని కొట్టనిచ్చిన కోచ్

నిన్న వేర్‌హౌస్‌లో లంచ్ బ్రేక్. ఫోన్ తీస్తే నాతో చదివిన శ్రావణ్ నుంచి వాయిస్ మెసేజ్.

"గ్రాంట్ కోచ్ పోయిండ్రా. పొద్దున హార్ట్ ఎటాక్ అంట."

మళ్లీ విన్నాను. మళ్లీ విన్నాను. లంచ్ బాక్స్ మూత కూడా తీయలేదు. సూపర్‌వైజర్ వచ్చి బ్రేక్ అయిపోయిందన్నాడు. లేచి పనిలోకి వెళ్లాను. ఏ పార్సిల్ ఎక్కడ పెట్టానో దేవుడికే తెలియాలి.

ఈ పోస్ట్ ఏడుస్తూ రాయడం లేదు. మండిపోతూ రాస్తున్నాను.

మా కాలేజీ పేజీలో ఆయన ఫోటో పెట్టి "మా గర్వకారణం" అని రాశారు. ఆయన టీమ్‌ను మూసేద్దామని కూర్చున్నది వీళ్లే. తెలియనివాళ్లు లైకులు కొడుతున్నారు. అందుకే తెలిసినవాణ్ణి నేను చెప్తున్నాను.

గ్రాంట్ కెనడాలో మా బ్రాంప్టన్ కాలేజీ బేస్‌బాల్ టీమ్‌కు హెడ్ కోచ్. రెండేళ్ల డిప్లొమాలు చదివే కాలేజీ. మ్యాచ్ చూడటానికి ఎవడూ రాడు. ఆయనది విన్నిపెగ్. చిన్న వయసులోనే భుజం పాడై ఆట ఆగిపోయింది. అప్పటినుంచీ కోచింగే బతుకు. ఒకసారి పెద్ద యూనివర్సిటీ పిలిస్తే వెళ్లలేదట. అక్కడికి వచ్చేవాళ్లకు ఆడటం ముందే వచ్చు, ఇక నాకేం పని అన్నాడట.

నేను చేరిన ఏడాది ఆయనకు కాలేజీ ఆఫీసు ఒకటే మాట చెప్పింది. ఈసారి ప్లేఆఫ్స్‌కు వెళ్లకపోతే టీమ్ ఉండదు. ఆయన ఉద్యోగమూ ఉండదు.

టీమ్‌కు సరిపడా మనుషులే లేరు.

మేం తెలుగు కుర్రాళ్లం కాలేజీ వెనక పార్కింగ్ లాట్‌లో టెన్నిస్ బాల్‌తో క్రికెట్ ఆడుకునేవాళ్లం. చెత్త డబ్బా వికెట్. ఒకరోజు శ్రావణ్ అటు చివర్నుంచి విసిరితే బంతి నేరుగా వచ్చి డబ్బాకు తగిలింది. పక్కనే కాఫీ పట్టుకుని టోపీ పెట్టుకున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు. మావాడు సెక్యూరిటీ అనుకుని, కార్లకు ఏమీ తగల్లేదు సార్, చూసుకోండి అని మొదలుపెట్టాడు.

ఆయన అడిగింది ఒక్కటే. ఇంకోసారి విసురుతావా?

ఆయనే గ్రాంట్. అలా వెళ్లాం నేనూ శ్రావణ్ బేస్‌బాల్ గ్రౌండ్‌కు.

నా మొదటి మ్యాచ్ చెప్పాలి. బంతి కొట్టి, బ్యాట్ పట్టుకునే పరుగెత్తాను. డైవ్ చేసి బ్యాట్ చాపి, చేరాల్సిన బేస్ పలకకు ఆనించాను. మన క్రికెట్‌లో అది వంద శాతం నాటౌట్. అంపైర్ అవుట్ అన్నాడు. నేను గొడవకు దిగాను.

శ్రావణ్ బెంచీ మీద పడి పడి నవ్వుతున్నాడు. "అరేయ్, ఈడ బ్యాట్ కాదురా, నువ్వు చేరాలె!"

కోచ్ తిట్టలేదు. మ్యాచ్ అయ్యాక కూర్చోబెట్టి ఎందుకలా చేశావని అడిగాడు. క్రీజు అంటే ఏంటో, బ్యాట్ ఎందుకు చాపుతామో మొత్తం చెప్పించుకున్నాడు. చివరికి, దాన్ని కింద పారెయ్ అనడానికి మీ భాషలో ఏమంటారు అన్నాడు.

మర్నాటినుంచి ఆయన నోటివెంట ఒకటే అరుపు, "పడెయ్ రా!"

వారం తిరిగేసరికి టీమ్‌లో కెనడా పిల్లలు కూడా అదే అరుపు మొదలుపెట్టారు. అవతలి టీమ్ అదేదో సీక్రెట్ సిగ్నల్ అనుకుంది.

ఒక పేరెంట్ వచ్చి మా పిల్లల చోట్లు వీళ్లకు ఇస్తున్నారని గొడవ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. కోచ్ గొంతు పెంచలేదు. రేపు మీవాణ్ణి పంపండి, వీళ్లకంటే బాగా విసిరితే వీళ్లను తీసేస్తా అన్నాడు. మర్నాడు ఎవడూ రాలేదు.

నా బ్యాటింగ్ మీద కూడా పంచాయితీ నడిచింది. ఈ ఆటలో వదిలేసే, కాళ్ల దగ్గర పడే బంతిని కూడా కొట్టేవాణ్ణి. వీడి అలవాటు మాన్పించాలని అసిస్టెంట్ కోచ్ వెంటపడ్డాడు. వద్దు, అది వదిలెయ్ అన్నాడు గ్రాంట్. ఎందుకో చెప్పలేదు.

అక్టోబర్‌లో చివరి మ్యాచ్. గెలిస్తేనే ప్లేఆఫ్స్. చలికి వేళ్లు మొద్దుబారిపోయాయి. ఫెన్స్ అవతల ఆఫీసు మేనేజర్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

చివరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు వెనక. బేసుల మీద శ్రావణ్, ఇంకో కుర్రాడు. అప్పటికే ఇద్దరు అవుట్, మూడోవాణ్ణి నేను అవుటైతే మ్యాచ్ అయిపోయినట్టే. టీమ్ కూడా.

రెండు బంతులు కొట్టలేక రెండు స్ట్రైకులు పడ్డాయి. మూడోది పోతే అవుట్.

అవతలి టీమ్ వాడు విసిరిన బంతి నాకు ముందే నేలమీద పడి లేచింది. బేస్‌బాల్ ఆడేవాడెవడూ దాన్ని ముట్టుకోడు. వదిలేస్తాడు.

నేను కరీంనగర్‌లో పుట్టినప్పటినుంచీ ఆడింది ఆ బంతినే.

కొట్టాను. ఇద్దరు ఫీల్డర్ల మధ్యలోంచి దూసుకుపోయింది. బ్యాట్ పడేసి పరుగెత్తాను. ముందు ఆ కుర్రాడు చుట్టు తిరిగి వచ్చేశాడు, వెనకే శ్రావణ్, మొత్తం రెండు పరుగులు.

అవతలి కోచ్ అరుచుకుంటూ వచ్చాడు. బంతి నేలకు తగిలింది, చెల్లదన్నాడు. నాకూ రూల్ తెలియదు.

గ్రాంట్ నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి అంపైర్‌తో ఏదో ఒక్క మాట అన్నాడు. అంపైర్ తలూపాడు. కొట్టవచ్చు. రూల్‌లోనే ఉంది.

గెలిచాం!

నా దగ్గరికి వచ్చి, నీకు ఈ రూల్ తెలుసా అన్నాడు. తెలియదన్నాను.

"నాకు తెలుసు. అందుకే నిన్ను మార్చనివ్వలేదు."

మేనేజర్ చప్పట్లు కొడుతూ లోపలికి వచ్చాడు. కోచ్ చెయ్యి కలిపాడు. నేను కలపలేదు. ఇప్పటికీ కలపను.

టీమ్ నిలబడింది. మరుసటి ఏడాది కప్పు కూడా తెచ్చుకున్నాం. ఈ దేశంలో మా మాట, మా నడక, మా రెజ్యూమె, అన్నీ మార్చుకోమని చెప్పినవాళ్లే అందరూ. నా చేతిలో ఉన్నదాన్ని అలాగే ఉంచమన్నది ఆయనొక్కడే.

ఈ రోజు ప్రాక్టీస్ క్యాన్సిల్ చేయమంటారా అని పిల్లల్ని అడిగారట. వద్దన్నారు. షిఫ్ట్ మార్చుకుని వెళ్లాను. గ్రౌండ్ నిండా ఉన్నారు. కొత్త పిల్లలు, నాకు పేర్లు కూడా తెలియవు. అందరూ విసురుతున్నారు, పట్టుకుంటున్నారు. నాకూ ఎవరో గ్లవ్ ఇచ్చారు.

చీకటి పడేదాకా ఆడాం.

టీమ్‌ను గెలిపించే వెళ్లారు, కోచ్. ఇక నిశ్చింతగా నిద్రపోండి.