నర్సవ్వ పెద్దమ్మ కోడె మొక్కు

సబ్బు పెట్టి మూడుసార్లు కడిగినా చేతుల నుంచి కోడె వాసన పోలేదు. వేములవాడ నుంచి వచ్చి గంటలు గడిచినా, తాడు ఒరుసుకున్న అరచేయి ఇంకా మండుతూనే ఉంది. ఈసారి దొరికింది ఒట్టి మొండి కోడె. మొక్కిన కోడెను రాజన్న గుడి చుట్టూ తిప్పి కట్టేయాల్సింది నేను; తిప్పింది మాత్రం అది. ఇదంతా నర్సవ్వ పెద్దమ్మ పుణ్యమే. బతికుండగా ఆమెతో వేగలేకపోయాను, ఇప్పుడు ఆమె అంటగట్టిపోయిన దేవుడితో వేగలేకపోతున్నాను.

బొగ్గు గని కాలనీలో మా పక్క క్వార్టర్ ఆమెది. నా పన్నెండో ఏట బాపు గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ పొద్దున కూడా నన్ను కన్న అవ్వ దేవుడి ముందు దీపం పెట్టే ఆయన్ను డ్యూటీకి పంపింది. ఆ రోజు నుంచి నేను దండం పెట్టడం మానేశాను. అవ్వ నన్నేమీ అనలేకపోయింది. ఆ అనే పనంతా నర్సవ్వ పెద్దమ్మ నెత్తినేసుకుంది. డిగ్రీ చదివేటప్పుడు కామెర్లు ముదిరి నేను మంచాన పడితే, నన్నొక్క మాట అడగకుండా నా పేరు మీద రాజన్నకు కోడె మొక్కింది. నేను లేచి తిరిగాక ఆ సంగతి చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

"నన్ను బతికించింది డాక్టరు, పెద్దమ్మా."

"డాక్టరుకు నేను దండం పెట్టొచ్చిన. రాజన్నకు నువ్వు పెట్టు. ఆయన పేరే పెట్టుకున్నవు గదరా రాజేశం, జర సిగ్గుండాలె."

లక్సెట్టిపేటలో సైన్సు సారునయ్యాను. ఎప్పుడు కాలనీకి వెళ్లినా గడప దాటకముందే ఒకటే ప్రశ్న: "కోడె కడితివా?" ఏళ్ల తరబడి ఇదే గోల. విసిగిపోయి ఒకసారి కట్టేశానని అబద్ధమాడి, తోటి సారు వేములవాడ నుంచి తెచ్చిన ప్రసాదం ఆమె చేతిలో పెట్టాను.

"ఎటు గుంజింది?" అంది.

"గుంజలే. నిమ్మళంగనే నడిచింది."

"గుంజని కోడెను నేను పుట్టినంక సూడలే బిడ్డా," అని నవ్వి, ప్రసాదం కళ్లకద్దుకుని, తినకుండా గూట్లో పెట్టింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుకు మళ్లీ ఆమె మీదే కోపమొచ్చింది.

రెండేళ్ల కిందట ఆమె గుండె బలహీనపడితే కరీంనగర్ ఆస్పత్రికి తీసుకెళ్లాను. షుగరు కూడా ఉందని డాక్టరుకు నేనే చెప్పాను. ఎన్నో ఏళ్లుగా ఆమె చక్కెర లేని చాయే తాగడం చూశాను మరి. పరీక్షలు చేయించి, షుగరేమీ లేదన్నాడాయన. ఏమిటిదని ఆమెను నిలదీశాను.

"షుగర్ ఎవలకున్నది? నీ మొక్కున్నది. అది తీరేదాంక తీపి ముట్టనని అనుకున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నా కోసం కడుతుంటివి. నీ కోసం కట్టాలె."

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ సోమవారమే వేములవాడ వెళ్లాను. కోడె నన్ను జనం మీదికోసారి, గోడ మీదికోసారి ఈడ్చింది. ఆమె నోరు మూయించడానికే వచ్చానని తాడు కడుతూ కూడా అనుకున్నాను. ముడి పడ్డాక ఎందుకో చేతులు జోడించాను. "ఆమెను ఇంకొన్నేండ్లు ఉండనియ్యి. మళ్ల వచ్చి కోడె కడుత," అన్నాను. బాపు పోయాక దేవుడితో నేను మాట్లాడిన మొదటి మాట అది.

తిరిగొచ్చి, చక్కెర వేసి చాయ్ పెట్టిచ్చాను. కోడె ఎటు గుంజిందని ఆమె ఈసారి అడగలేదు. ఒరుసుకుపోయిన నా అరచేతులు చూసింది, అంతే. "పానకం చేసినవు గదరా," అని విసుక్కుంటూనే కప్పు ఖాళీ చేసింది.

నెల తిరగకుండానే ఆమె పోయింది. అప్పుడు రాజన్నను తిట్టిన తిట్లు పిల్లలకు పాఠం చెప్పే నోటితో తిట్టదగ్గవి కావు. తిట్టీ తిట్టీ అలిసిపోయాక తెలిసింది, లేడనుకున్నవాడి మీద ఎవరికీ ఇంత కోపం రాదని. నేను అడిగింది ఇవ్వలేదు కాబట్టి నా మొక్కు లేనట్టే. అయినా పోయిన ఏడాదీ వెళ్లాను, ఈ ఏడాదీ వెళ్లాను. ముడి వేసి, ఆమెను ఎందుకు తీసుకెళ్లావని అడిగాను. విసుక్కుంటూ బస్సెక్కాను. ఇప్పుడు నా ముందు చాయ్ ఉంది, అందులో చక్కెర లేదు. ఆయన జవాబు చెప్పేదాకా నేనూ తీపి ముట్టను.