పాలతో కడిగిన వరహా

మా ముత్తాత ఓబుళరెడ్డి ఆలూరు చుట్టుపక్కల ఊళ్ల తగాదాలు తీర్చిన పెద్దమనిషి. తాత లింగారెడ్డి మాట ఇస్తే పత్రం అడిగినవాడు లేడు. ఆయన చిన్నకొడుకే మా చిన్నాయన. ఏ పాత నాణెం చేతికొచ్చినా భుజం మీది తువ్వాలుతో తుడిచి రెండు కళ్లకూ అద్దుకునేవాడు. తాను చేయించిన దొంగ నాణెమైనా సరే. అది నటన కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

కర్నూలులో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలిసిన రోజులవి. ఇత్తడి బిళ్లలకు బంగారు పూత వేయించి, కుంకుమ పూసి, 'లింగారెడ్డి గారి పూజపెట్టెలోని రాయల కాలపు వరహా' అని ఆన్‌లైన్ వేలంలో పెట్టేవాడు.

ఒకరోజు ఎర్రగుంట్ల నుంచి ఒక ముసలి శెట్టి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన కొన్న వరహాకు పూత పోయి ఇత్తడి బయటపడింది.

"శుక్రవారం శుక్రవారం పాలతో కడిగి పూజ చేస్తాండా రెడ్డీ. ఇట్లయిపాయ. దీన్ని కరిగించి చెంబు చేయించుకో అని నా కొడుకు ఎగతాళి చేస్తాండాడు. దుడ్లు వాపసు అడగను. ఇది మీ ఇంటిదేనా, ఆ ఒక్క మాట చెప్పు చాలు."

చిన్నాయన దాన్ని తుడిచి కళ్లకద్దుకున్నాడు. "మా నాయన మీద ఆన, మా ఇంటిదే. పాతకాలం బంగారం ఇట్లే ఉంటాదప్పా."

శెట్టి ముఖం విప్పారింది. ఆ బిళ్లను తానూ కళ్లకద్దుకుని, జేబులో భద్రంగా పెట్టుకుని వెళ్లాడు. వాకిట్లో నిలబడ్డ నేను తల ఎత్తలేకపోయాను.

మా పూజపెట్టెలో నిజంగానే ఒక వరహా ఉండేది. బోరు వేయించడానికి మా నాన్న దాన్ని అంతకు చాలా ఏళ్ల ముందే ఆదోనిలో అమ్మేశాడు.