ఎనిమిది మూళ్ళు, చివర ఒకటి

నిడదవోలులో లెక్కల మాస్టారు అమ్మిరాజు గారికి ప్రధాన సంఖ్యలంటే పిచ్చి. ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా తెగని సంఖ్యలవి. 1997 వేసవి సెలవులన్నీ ఆయన వీధి అరుగు మీద భాగహారాలతోనే గడిపారు. 31 ప్రధాన సంఖ్య. 331 కూడా అంతే. 3331, 33331... ముందు ఎన్ని మూళ్ళు చేర్చినా వరుస చెడడం లేదు. ఏడు మూళ్ళది, అంటే 3,33,33,331, తేలేసరికి వందలకొద్దీ భాగహారాలయ్యాయి. అదీ ప్రధాన సంఖ్యే. అక్కడితో విసుగొచ్చి ఆపేశారు.

ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఊరివాళ్ళు ఆయనకు దండ వేసి శాలువా కప్పారు. ఈ వరుస ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని, అది తాను కనిపెట్టిన సూత్రమని ఆయన మైకులో చెప్పేశారు. సభ అయ్యాక ఆడపిల్లల బడి లెక్కల టీచరు దేవకుమారి గారు దగ్గరికొచ్చారు.

“ఎనిమిది మూళ్ళది కూడా చూశారాండి?”

మెడలో దండ ఇంకా తియ్యలేదు. చుట్టూ జనం.

“చూశానండి,” అన్నారు.

ఆవిడ నమ్మారు. నమ్మి తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పారు. వాళ్ళలో వెంకటదుర్గ ఎనిమిది మూళ్ళ దాకా ఆ వరుసంతా చార్టు మీద రంగుల్లో రాసి, రాజమండ్రిలో గణిత ప్రదర్శనకు పట్టుకెళ్ళింది. చూడవచ్చిన లెక్చరరొకాయన చివరి సంఖ్యను పదిహేడుతో భాగించమన్నారు. ఆ పిల్ల అందరి ముందూ భాగించింది. 1,96,07,843 వచ్చింది. శేషం సున్న. పక్క బడుల పిల్లలు నవ్వారు. వెంకటదుర్గ ఏడ్చేసింది. ఇది ఎవరు చెప్పారని లెక్చరరు అడిగితే, తప్పు తనదేనని దేవకుమారి గారు చెప్పారట.

సంగతి తెలిసి అమ్మిరాజు గారు గదిలో తలుపేసుకుని పదిహేడుతో భాగించి చూశారు. నిమిషాల్లో తేలిపోయింది. ఏడు మూళ్ళకు వేసవంతా ధారపోసినవాడు, ఎనిమిదోదానికి కాస్సేపు కూర్చోలేకపోయాడు. పైగా చూశానన్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు ఆడపిల్లల బడికి వెళ్ళారు. దేవకుమారి గారు కుర్చీ వేయించారు. తన పేరు ఎందుకు చెప్పలేదని ఆయనే అడిగారు.

“మీరు అబద్ధం చెబుతారని నాకు తోచలేదండి,” అన్నారావిడ. “నేనే ఓసారి చూసుకోవాల్సింది.”

ఆయన తలెత్తలేకపోయారు. తొమ్మిదో తరగతిలోకి వెళ్ళి, బోర్డు మీద ఆ భాగహారం మొత్తం చేసి, చూడకుండానే చూశానని చెప్పినట్టు ఒప్పుకున్నారు. చెవులు మండిపోతున్నాయి. వెంకటదుర్గ మెల్లిగా లేచింది.

“ఏడు మూళ్ళ దాకా నిజమేనాండి?”

“అంతవరకూ నిజమేనమ్మా.”

అయితే చార్టు పారెయ్యక్కర్లేదని, కింది వరుస ఒక్కటీ కత్తిరిస్తే చాలని చెప్పి ఆ పిల్ల కూర్చుంది.

తరవాత ఎవరు ఏ సభకు పిలిచినా అమ్మిరాజు గారు వెళ్ళలేదు. స్టేషన్ రోడ్డులో దేవకుమారి గారు ఎదురై నమస్కారం పెడితే తిరిగి చేతులు జోడించేవారు. ఆవిడ ముఖంలోకి మాత్రం చూసేవారు కాదు.