మా అన్న బండికి డంపర్

తెలంగాణ రాష్ట్రం వచ్చిందని గోదావరిఖని చౌరస్తాలో పటాకులు కాల్చిన వారంలోనే మా అన్న పోయాడు. దవాఖాన నుంచి వదిన ఫోన్ చేసి, "తమ్మీ, మీ అన్న ఇగ లేడు" అని అంతమాత్రమే చెప్పింది. ముందు రోజు సాయంత్రం కూడా సెలైన్ సీసా మీది తేదీని నర్సుతో చదివించుకున్నాడట. ఆమె అటు పోగానే, "చదివింది నిజమేనా, నువ్వోసారి చూడే" అన్నాడట వదినతో. ఊపిరి అందకపోయినా అనుమానం మాత్రం తగ్గలేదు.

మా అన్నను ఎరగనివారికి మొదట చెప్పాల్సింది అదే. కూరగాయల బండి దగ్గర తక్కెడ కింద వేలు పెట్టి తడిమేవాడు, అయస్కాంతం అంటించారేమోనని. పెళ్ళి పత్రిక వస్తే ముహూర్తం కంటే ముందు వెనకవైపు చూసేవాడు, పాత పత్రిక మీద మళ్ళీ అచ్చు వేశారేమోనని. నవ్వుకునేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు.

ఆయన పని భూమి లోపల. బొగ్గు తీసిన చోట పైకప్పుకు దన్నుగా దుంగలు నిలబెట్టాలి. దానికి ముందు కర్రతో కప్పును తట్టి చెవి పెట్టాలి. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే పరుగు. "నమ్మినోడు కిందనే ఉంటడు తమ్మీ, అనుమానపడ్డోడు ఇంటికొస్తడు" అనేవాడు. లక్ష్మీనగర్‌లో నేను బట్టలు కుట్టే దుకాణానికి గది చూసుకున్నప్పుడు కూడా కర్ర పట్టుకొని వచ్చాడు. కప్పంతా తట్టి తట్టి, మూలకు ఒక చోట ఆగి, "ఈడ మిషన్ పెట్టకు" అన్నాడు. ఆ కప్పు ఇప్పటికీ కూలలేదు. కానీ నా కోసం మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడ్డ మనిషి ఆయన తప్ప ఇంకొకరు లేరు.

వదినకు చిన్నప్పటి నుంచి ఒక కాలు చచ్చుబడి ఉండేది. నడివయసులో కిందపడి తుంటి విరిగాక మోటారు సైకిల్ వెనక కూర్చోవడం కుదరలేదు. ఆటోవాళ్ళను అన్న నమ్మడు. అందుకే తన పాత మోటారు సైకిలుకు ఎడమపక్కన మూడో చక్రం మీద ఒక రేకు తొట్టి బిగించుకున్నాడు. కాలనీలో అందరూ తొట్టి బండి అనేవారు. పొద్దటి షిఫ్టు దిగి, స్నానం చేసి, వదినను ఎత్తి అందులో కూర్చోబెట్టి బజారుకో, గోదావరి ఒడ్డుకో, నది అవతల జైపూర్ వైపు ఆమె పుట్టిన ఊరికో తీసుకుపోయేవాడు. ఆమెకు గడప దాటడమంటే ఆ తొట్టి ఎక్కడమే.

గనులన్నీ మూతపడి పెద్ద సమ్మె జరిగిన ఏడాది అది. సమ్మెకు కొన్నాళ్ళ ముందు, నా కుట్టుమిషన్ పాడైతే ఆ బండి అడిగి తెచ్చుకున్నాను. మిషన్‌ను తొట్టిలో పెట్టుకొని మంచిర్యాల పోయి, బాగుచేయించుకొని, చీకటి పడకముందే బండి అప్పగించాను. మరునాడు అన్న వదినను కూర్చోబెట్టుకొని గోదావరి వంతెన దగ్గర వేగం తగ్గించగానే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. ఆయన చేతుల్లో నిలవలేదట. బండి రోడ్డు అంచుదాకా పోయి, అంగుళాల దూరంలో ఆగింది.

ఆ సాయంత్రమే దుకాణానికి వచ్చాడు. కూర్చోలేదు.

"యాడ గుద్దినవ్?"

"యాడ గుద్దలేదన్నా."

"గుంతల దింపినవా?"

"లేదు."

"మిషన్ బరువుకు వంగిందా? చెప్పురా, కొట్టను."

"ఒట్టన్నా, తీస్కపోయినట్టే తెచ్చిన."

ఆయన నా మొహం కేసి, తర్వాత నా చేతుల కేసి చూశాడు. "తీస్కపోయినప్పుడు బాగుండె. తెచ్చినంక ఊగుతంది. నడుమ ఉన్నది నువ్వే గదా" అని వెళ్ళిపోయాడు.

తర్వాత తెలిసింది, మంచిర్యాల కూడా పోయాడని. మిషన్లు బాగుచేసే ఆయన దగ్గర నిలబడి, "మా తమ్ముడు వచ్చిననాడు బండి సక్కగ నిలవడ్డదా? వాడు కుంటుకుంట గిట్ల దిగిండా?" అని అడిగాడట. నాతో మాట్లాడటం మానేశాడు. వాళ్ళింటికి పోతే వదిన నీళ్ళిచ్చేది, ఆమె కూడా నా మొహం చూసేది కాదు. ఆమెకూ నా మీద అనుమానమే అనుకున్నాను. అది ఇంకా బాధ పెట్టింది.

బండిని మెకానిక్ భాయ్ దగ్గర విప్పించినప్పుడు నన్నూ పిలిపించాడు. హ్యాండిల్ మెడలో గుండ్లు తిరిగే గిన్నెలు బయటికి తీస్తే, లోపల వరసగా గుంటలు పడి ఉన్నాయి. "ఇది ఒక్క దినం పని గాదన్నా. ఏండ్లకేండ్లు బరువు మోసి అరిగింది" అన్నాడు భాయ్. నా ప్రాణం లేచి వచ్చింది. అన్న ఆ గిన్నెను వెలుతురులో తిప్పి చూసి, భాయ్‌ని చూసి, నన్ను చూశాడు.

"మీరిద్దరు ఒక్క హోటల్లనే ఛాయ్ తాగుతరు గదా?"

కొత్త గిన్నెలు వేశారు. వణుకు తగ్గింది కానీ పోలేదు. తొట్టిలో మనిషి కూర్చొని బండి నెమ్మదిస్తే మళ్ళీ మొదలు. "పక్కకు తొట్టి ఉన్న బండికి గీ బీమారి ఉంటది. డంపర్ పెట్టాలె" అన్నాడు భాయ్.

మా దగ్గర డంపర్ అంటే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మట్టి మోసే, ఇల్లంత ఎత్తు లారీ. అన్న బిత్తరపోయాడు. "నా బండికి డంపరేంది? ఎవనికి చెప్తున్నవ్?"

భాయ్ నవ్వి వివరించాడు. నూనె నింపిన చిన్న గొట్టం, అందులో జరిగే కడ్డీ. గొట్టం ఒక చివర బండికి, కడ్డీ చివర హ్యాండిల్ కింది ఫోర్కుకు బిగిస్తారు. మెల్లగా తిప్పితే అది తిరగనిస్తుంది, ఉన్నట్టుండి కొట్టుకుంటే పట్టి ఆపుతుంది. పాత బండ్లకు ఇంకో రకం ఉండేదట, పైన బిరడా తిప్పితే బిళ్ళలు ఒరుసుకొని హ్యాండిల్ బిగుసుకునేది. అన్నకు బిరడా నచ్చలేదు. "పైన ఉన్నదాన్ని ఎవడన్న తిప్పిపోతడు" అన్నాడు.

కరీంనగర్‌లో పాత సామాన్ల దుకాణానికి నన్నే వెంట తీసుకుపోయాడు. ప్రేమతో కాదు. "నా కండ్ల ముందటుండు" అన్నాడు. దుకాణదారు బంగారు రంగులో మెరిసేది ఒకటి తీశాడు. అన్న దాన్ని ముట్టుకోలేదు. "గింత మెరుస్తందంటె ఏమో దాస్తంది." మూలన నల్లటిది ఒకటి తీసి, కడ్డీని లోపలికి తోసి, బయటికి లాగి, కళ్ళు మూసుకొని చేతితో విన్నాడు. రెండు వైపులా ఒక్క తీరుగా ఆగుతున్నదా, మధ్యలో ఎక్కడన్నా వదులుగా జారుతున్నదా అని. అప్పటికీ నమ్మకం కుదరలేదు. ఇంటికి తెచ్చి, కాగితం పరిచి, కడ్డీ కిందికి ఉండేలా దూలానికి వేలాడదీశాడు. తెల్లారేదాకా కాగితం మీద నూనె చుక్క పడలేదు.

దాన్ని బిగించే నాటికి సమ్మె మొదలైంది. రోడ్డు మీద బొగ్గు లారీలు లేవు. అన్న కంపెనీ క్వార్టర్ ముందు మంచం మీద వదిన కూర్చొని చూస్తున్నది. భాయ్ పట్టీ బిగిస్తూ ఊరికే అడిగాడు, "అసలు ఊగుడు ఎప్పటి సందన్నా?"

"ఈయన మంచిర్యాలకు తీస్కపోయినప్పటి సంది" అన్నాడు అన్న, నా వైపు గడ్డం చూపించి.

"కాదు" అంది వదిన. "ఎండకాలం సంది."

అందరం ఆమె వైపు తిరిగాం.

"తొట్ల కూసున్నదాన్ని, నాకు తెల్వదా? నీ చేతులు దుంగలెత్తే చేతులు, వట్టుకుంటె నీకు తెలుస్తలేకుండె. నా కాళ్ళ కింద రేకు వణుకుతుండె."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తె బండి ఆపుతవు. నీ అనుమానం నాకెర్కలేదా? ఒక్కసారి బండి మీద పడ్డదంటె మళ్ళ నన్ను ఎక్కనిస్తవా? ఇగ గోడలు చూస్కుంట కూసోవాలె నేను." కొంగుతో మొహం తుడుచుకుంది. "అంత దూరం పోతదనుకోలే. తమ్ముని మీదికి వచ్చినకాన్నుంచి నాకు బువ్వ దిగుతలేదు."

అన్న కోప్పడతాడనుకున్నాను. ఆయన మట్టిలో అట్లాగే కూర్చుండిపోయాడు. లోకంలో అందరినీ అనుమానించినవాడు ఆమెను మాత్రం ఏనాడూ అనుమానించలేదు. అందుకే ఏనాడూ అడగలేదు కూడా. "ఊగితే ఊగుతందని చెప్పాలెనే. నిన్ను తీస్కపోక ఏడికి పోత?" అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు చూడకుండానే చెయ్యి చాపాడు.

"తమ్మీ, ఆ పానా ఇటియ్యి."

ఎన్నో రోజుల తర్వాత ఆ పిలుపు. అంతకుమించి ఆయన ఏమీ అనలేదు, నాకూ అవసరం అనిపించలేదు. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించి, కడ్డీ ఎక్కడా కొసకు తగలడం లేదని చూసి, నట్లు బిగించాడు. భాయ్ బిగించినవి కూడా మళ్ళీ బిగించాడు.

ఆనాటి నుంచి మంచాన పడేదాకా, ప్రతి ప్రయాణంలో ఆయన తొట్టి వైపు వంగి, "రేకు ఏమంటంది?" అని అడిగేవాడు. "ఏమంటలేదు, పోనియ్యి" అనేది వదిన. అట్లా ఎన్ని ఊర్లు తిరిగారో.

డంపర్ బిగించిన ఆ రోజు, మొదటిసారి తోలి చూడాల్సి వచ్చినప్పుడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నువ్వే తోలు. నా చేతికి వణుకు తెల్వది. నీది సూది వట్టే చెయ్యి, నీకైతె తెలుస్తది." వదినను తొట్టిలో కూర్చోబెట్టి, తను నా వెనక ఎక్కాడు. ఖాళీ రోడ్డు మీద వంతెన వైపు పోనిచ్చాను. వేగం తగ్గించాను, పెంచాను, మళ్ళీ తగ్గించాను. హ్యాండిల్ చెరువు నీళ్ళలా కుదురుగా ఉంది. వదిన కొంగు గాలికి తొట్టి బయటికి ఎగురుతున్నది. వెనక నుంచి మాట లేదేమిటా అని అద్దంలో చూశాను. మా అన్న నా భుజం మీద చెయ్యేసి కళ్ళు మూసుకొని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ముందట రాయి గిట్ల ఉంటది, చూస్కుంట పో" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

రోడ్డు మీద రాయి లేదు. అయినా కొంచెం పక్కకు తిప్పి పోనిచ్చాను.