మైకు ముందు సువార్తమ్మ

పాలకొల్లు అవతల, కాలువ గట్టు మీది పేటలో సువార్తమ్మ గారంటే భక్తికి పెట్టింది పేరు. తెల్లచీర, తలమీద కొంగు, జిప్పు సంచిలో బైబిలు. పాతికేళ్లుగా ఆవిడ ఎవరినీ మొహం మీద ఒక్క మాట అని ఎరగదు. అనాల్సినవన్నీ కళ్లు మూసుకుని దేవుడితోనే అనేది, అదీ మైకులో. "ప్రభువా, చివరి వీధిలో నీ బిడ్డ కోడలిని పస్తు పెడుతోంది, ఆమె మనసు మార్చు తండ్రీ" అని ఆవిడ వేడుకుంటే దేవుడి కంటే ముందు పేటంతా వినేది. చాడీలు చెప్పడం పాపమని ఆవిడకు గట్టి నమ్మకం. అందుకే ప్రతి చాడీ చివరా ఆమేన్ పెట్టేది.

ఆవిడ ప్రార్థన మొదలెట్టిందంటే కూడికలో వండిన బిర్యానీ చల్లారిపోవాల్సిందే. అయినా ఎవరూ నోరెత్తేవారు కాదు. ఎత్తితే వచ్చే వారం ప్రార్థనలో తమ పేరే ఉంటుందని అందరికీ తెలుసు.

తోటికోడలు దీవెనమ్మ మాత్రం ఆవిడతో మాట మానేసి రెండేళ్లయింది. దానికీ ప్రార్థనే కారణం. దీవెనమ్మ కొడుకు ప్రసన్నకుమార్ తాగుడు అలవాటై, రాజమండ్రిలో వైద్యం చేయించుకుని, మానేసి వచ్చాడు. రొయ్యల చెరువు దగ్గర పనిలో కుదిరాడు. సంబంధం కుదిరింది. పాత సంగతి పిల్లతో తనే చెప్పేస్తానన్నాడు. ఈలోగా వాడు మళ్లీ జారిపోతాడేమోనన్న భయంతో తల్లి ఒకనాడు వంటింట్లో సువార్తమ్మ చెవిలో చెప్పుకుంది. "మన ఇంట్లో మాటక్కా, కాస్త ప్రార్థనలో పెట్టుకో."

సువార్తమ్మ పెట్టింది. సంబంధం కుదిరినందుకు పెట్టుకున్న కృతజ్ఞత కూడికలో, పెళ్లివారు వచ్చి కూర్చుని ఉండగా, మైకులో, ఆసుపత్రి పేరుతో సహా పెట్టింది. వాళ్లు భోజనాలకైనా ఆగకుండా లేచి వెళ్లిపోయారు, సంబంధం తప్పిపోయింది. "నేనేమన్నానండి, ప్రార్థించానంతే" అని అడిగినవాళ్లందరికీ చెప్పి, ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది.

ఈమధ్య వచ్చిన పాస్టర్ అనిల్ కుమార్ గారు కుర్రవాడు, మొహమాటం తెలియని మనిషి. "వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. మనస్పర్ధలున్నవాళ్లు ముందు సమాధానపడి రండి, లేదంటే బల్ల తీసుకోవద్దు" అని గట్టిగా చెప్పారు. అందరి చూపులూ సువార్తమ్మ మీదికి తిరిగాయి. ఆ బల్లలో అందరూ పంచుకు తినే రొట్టె చేసి తెచ్చేది ఆవిడే. తెచ్చినావిడే తినకుండా కూర్చుంటే పేటలో తలెత్తుకునేదెలా? వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, శనివారం సాయంత్రం దీవెనమ్మను క్షమించేయడానికి బయల్దేరింది.

"వందనాలు దీవెనా, ప్రార్థన చేసుకుందాం" అంటూ గుమ్మంలోనే కళ్లు మూసేసింది. "తండ్రీ, నా చెల్లెలు రెండేళ్లుగా నా మీద పెంచుకున్న పగను నేను క్షమించేశాను. ఆమె రాతిగుండెను నువ్వే కరిగించు. ఆమె నాలుకకు..." అంటూ చాలాసేపు సాగించింది. అవతల నుంచి ఒక్క స్తోత్రమూ వినపడలేదు. అనుమానమొచ్చి ఒక కన్ను తెరిచింది. దీవెనమ్మ రెండు కళ్లూ తెరుచుకుని చూస్తోంది.

"అయిందా అక్కా? ఆయనకి అన్నీ చెప్పావు. నాకేసి చూసి చెప్పేదేమన్నా ఉందా?"

పాతికేళ్ల అలవాటు కొద్దీ సువార్తమ్మ మళ్లీ కళ్లు మూసుకోబోయింది. అప్పుడే చెరువు నుంచి వచ్చిన ప్రసన్నకుమార్ కాళ్లు కడుక్కుని, "పెద్దమ్మా, నుంచునే ఉన్నారేంటండి" అంటూ కుర్చీ తెచ్చి వేశాడు. వాడు నాలుగు తిట్టినా బావుండేదనిపించింది ఆవిడకి. వాడి గురించి దేవుణ్ణి ఎన్నిసార్లో అడిగింది గానీ, ఎలా ఉన్నావురా అని వాడినెప్పుడూ అడగలేదు.

"తప్పు నాదేరా నాన్నా" అంది, వాళ్లిద్దరికే వినపడేంత మెల్లగా.

దీవెనమ్మ కళ్లు తుడుచుకుంది గానీ మెత్తబడలేదు. "వాడి గుట్టు ఊరంతా వింది. నీ తప్పు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోవాలా అక్కా?"

ఆదివారం పాస్టరు గారు అలవాటు ప్రకారం సువార్తమ్మను ప్రార్థనకు పిలిచి మైకు చేతికిచ్చారు. ఈ వారం ఎవరి వంతోనని జనం తలలు వంచి చెవులు రిక్కించారు. సువార్తమ్మ కళ్లు మూసుకోలేదు. వెనక వరసల్లోకి చూసింది.

"దీవెనా, ప్రసన్నా, మీరు నన్ను నమ్మి చెప్పిన మాట నేను నలుగురిలో చెప్పేశాను. అది భక్తి అనుకున్నాను. ద్రోహం చేశాను. నన్ను క్షమించండి."

దీనికి ఆమేన్ అనాలో వద్దో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆవిడ మైకు ఇచ్చేసి, ముందు వరసలో తన చోటుకి పోకుండా, వెనక దీవెనమ్మ కూర్చున్న చాప దగ్గరికొచ్చి నిలబడింది. దీవెనమ్మ తలెత్తి చూడలేదు. కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.