మా చిన్నాయన చప్పట్లు

నా చిన్నప్పుడు మా చిన్నాయన ఎద్దుల్ని అదిలిస్తే ఆ కేక పక్కూరి పొలాల దాకా వినబడుతుందని చెప్పుకునేవాళ్లు. కంబదూరు చుట్టుపక్కల ఏ తిరునాళ్లలో బండలాగుడు పోటీ పెట్టినా, జనం ముందు ఆయన వచ్చాడా లేదా అని చూసేవాళ్లు. మిగతావాళ్లు చెర్నకోలలతో ఎద్దుల వీపులు వాయిస్తుంటే, మా చిన్నాయన ఉత్త చేతులతో పక్కన పరిగెత్తేవాడు. ఆయన దగ్గర ఉన్నది ఆ కేక ఒక్కటే. దానికే మా తెల్లెద్దూ బూడిదెద్దూ మెడలు వంచి, ఆ రాతిబండను దుమ్ములో ఈడ్చుకుంటూ పోయేవి.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబేమో అనుకున్నాం. ఎన్ని మందులు మింగినా తగ్గలేదు. చివరికి బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోతే గొంతు క్యాన్సరన్నారు. ఆపరేషన్ చేసి మాటపెట్టె తీసేశారు. ఇంటికొచ్చేసరికి ఆయన మెడ కింద చిన్న రంధ్రం ఉంది. ఊపిరంతా దాని గుండానే. గడప దాటగానే నన్ను చూసి పిలవబోయాడు. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాం, ఆయన నిద్రపోతున్నట్టు. పలకరించడానికి వచ్చినవాళ్లు చెంగుతో కళ్లు తుడుచుకుని, "ఎట్లుండేవాడు ఎట్లైపాయ" అనేవాళ్లు, ఆయన ముందే. అది చూసి నేనూ ఆయన దగ్గరికి పోతే మొహం వేలాడేసుకుని కూర్చునేదాన్ని. అదే మర్యాద అనుకున్నాను.

ఎద్దులకు ఇదేమీ అర్థం కాలేదు. మా నాయన ఎంత అరిచినా అవి ఉన్నచోటి నుంచి కదిలేవి కావు. దానికి తోడు ఆ ఏడు వానల్లేవు. వామిలో గడ్డి అడుగంటింది. ఒకనాడు మా నాయన విసిగిపోయి తేల్చేశాడు.

"మాట ఇనని ఎద్దుల్ని ఊరికే యాన్నుంచి మేపేది? ఈ వారమే సంతకు తోలేస్తా."

చిన్నాయన మంచం మీంచి లేచాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపి, తిరునాళ్లు జరిగే మైదానం వైపు వేలు చూపించాడు. మా నాయన బిత్తరపోయాడు.

"గొంతు లేకుండా పందెంలో యెట్లా తోల్తావురా?"

చిన్నమ్మ తలుపు దగ్గర నుంచే జవాబిచ్చింది. "గొంతు పోయింది గానీ, చేతులు ఈడనే ఉండాయి కదా బావా. తిరునాళ్ల దాకా ఆగు."

మర్నాటి నుంచి చిన్నాయన పొద్దున్నే ఎద్దుల్ని విప్పుకుని ఎండిపోయిన వంకలోకి పోయేవాడు. మమ్మల్ని ఎవర్నీ వెంట రానిచ్చేవాడు కాదు. ఎండెక్కాక తిరిగొచ్చేవాడు, చొక్కా తడిసిపోయి, అరచేతులు ఎర్రగా కంది. ఏం చేస్తున్నాడని అడిగితే చిన్నమ్మ నవ్వేది, చెప్పేది కాదు.

తిరునాళ్ల రోజు రానే వచ్చింది. జనం గట్ల మీద, బండ్ల మీద, గోడల మీద ఎక్కారు. నేను మా ఊరి ట్రాక్టరు ట్రాలీ ఎక్కి నిలబడ్డాను. రంధ్రంలోకి దుమ్ము పోకుండా మెడకు పల్చటి తడిగుడ్డ చుట్టుకుని చిన్నాయన మా జతను బరిలోకి తెచ్చేసరికి, పక్కనెవరో "ఏమప్పా, మూగోడు ఎద్దుల్నేం తోల్తాడు?" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఈల వేశారు. చిన్నాయన చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. రెండు దగ్గరదగ్గరగా, ఒకటి విడిగా. అంతే! ఎద్దులు రెండూ ఒక్కసారిగా ముందుకు దూకాయి. బండ కదిలింది. ఆయన కొడుతూ పరిగెత్తుతున్నాడు, అవి లాగుతున్నాయి. వంకలో ఆయన నేర్పింది ఇదన్నమాట! నేను ట్రాలీ మీద గంతులు వేశాను.

బరి చివర మలుపు తిరిగారు. అప్పటికి జనానికి హుషారెక్కి కేకలు మిన్నంటాయి, పలకలవాళ్లు వాయించడం మొదలుపెట్టారు. ఆ గోలలో చిన్నాయన చప్పట్లు ఎద్దులకు వినబడలేదు. బండ ఆగిపోయింది. తెల్లెద్దు తలెత్తి ఆయన కోసం అటూ ఇటూ చూసింది. ఈల వేసినవాడు గడియారం చూసుకుంటున్నాడు.

మా నాయన ఎవరిదో చెర్నకోల గుంజుకుని, "ఒరే, ఇది తీసుకో!" అని అరిచాడు.

చిన్నాయన తల అడ్డంగా ఊపాడు. జనం వైపు తిరిగాడు. తన చేతులు చూపించి, మూడు చప్పట్లు కొట్టి, ఆ చేతుల్నే జనం వైపు చాపాడు. మళ్లీ అదే చేశాడు. ముందు వరసలో ఎర్ర తలగుడ్డ పెద్దాయనొకడు గభాలున లేచాడు.

"మనల్ని కొట్టమంటాండాడప్పా! అట్లే కొట్టండి!"

ముందు ఆ ఒక్కడే కొట్టాడు. తర్వాత ఆ వరస. తర్వాత గట్టు గట్టంతా. రెండు దగ్గరగా, ఒకటి విడిగా. పలకలవాళ్లు కూడా ఆ దెబ్బే అందుకున్నారు. నవ్వినవాడు సైతం కొడుతున్నాడు! ఆ మోతకు మా ఎద్దులు మోకాళ్ల మీదికి వంగి, లేచి, బండను లాక్కుని పోతుంటే, నా జన్మలో అంత వేగం చూడలేదనిపించింది. చిన్నాయన వాటి పక్కన, దుమ్ములో, చేతులు గాలిలో ఊపుతూ పరిగెత్తాడు. నా అరచేతులు మండిపోయాయి. అయినా ఆపలేదు.

మాకు రెండో బహుమతి వచ్చింది. చిన్నాయన మొదటిది వచ్చినట్టే బూడిదెద్దు మెడ వాటేసుకుని నవ్వాడు. నవ్వుకు శబ్దం లేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. మా నాయన పరిగెత్తుకుంటూ పోయి, "ఇంగ నేను సంత మాటెత్తితే చెప్పు తీసుకుని కొట్టురా!" అన్నాడు, కళ్లనీళ్లతో.

తిరుగుదారిలో ట్రాలీలో ఆయన పక్కనే కూర్చున్నాను. ఆపరేషనైనప్పటి నుంచి అందరూ ఆయన్ని అడిగేది ఒక్కటే, నొప్పి ఉందా అని. ఆ రోజు ఉత్సాహంలో నా నోటి నుంచి వేరే ప్రశ్న వచ్చేసింది. "చిన్నాయనా, రేపు ఏం చేద్దాం?"

ఆయన మొహం వెలిగిపోయింది. కాసేపు ఆలోచించి, తల మీద వేళ్లతో చిన్న కొమ్ములు పెట్టి చూపించాడు. తర్వాత పగ్గం పట్టినట్టు పిడికిలి బిగించి, నా వైపు వేలు చూపించాడు. కొట్టంలోని కోడెదూడకు నువ్వే నడక నేర్పాలి అని. మర్నాడు నిజంగానే దాని పగ్గం నా చేతికిచ్చాడు. అది నన్ను పొలమంతా ఈడ్చింది. ఆయన గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు.

ఏడాది తిరిగాక జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టర్లు ఇంటికే తీసుకుపొమ్మన్నారు. నేను బడి నుంచి రాగానే మంచం పక్కన కూర్చుని రోజూ అదే అడిగేదాన్ని. ఆయన దగ్గర రోజూ ఒక జవాబుండేది. రేపు చెనిక్కాయ చేను ఎట్లుందో చూసొచ్చి చెప్పు. రేపు కాడి మోకు మార్చమని మీ నాయనకు చెప్పు. చివరిసారి అడిగినప్పుడు చెయ్యి సరిగా లేవలేదు. అయినా వాకిలి వైపు చూపించాడు. ఎద్దుల్ని కడిగి అక్కడ కట్టేయమని. కడిగి కట్టేశాం. పొద్దుపోయేదాకా వాటినే చూస్తూ పడుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. మా వాళ్లలో, చుట్టుపక్కల ఇళ్లలో ఈ జబ్బుతో మంచం పట్టినవాళ్లను చాలామందినే పలకరించాను. మొహం వేలాడేసుకుని పోను. ఎట్లా ఉందని ముందుగా అడగను. దగ్గరగా కూర్చుని, రేపు ఏం చేద్దాం అని అడుగుతాను. మొదట నన్ను వింతగా చూస్తారు. తొందరపెట్టకుండా ఆగుతాను. కాసేపటికి జవాబు వస్తుంది.